62 అంటే 62 కాదండీ: యూకేలో పిల్లల్ని డిగ్రీ చదివిస్తున్న అమ్మానాన్నలకి ఒక బహిరంగ లేఖ

ఇక్కడే స్థిరపడి పిల్లల్ని ఇక్కడే పెంచిన అన్నలకీ వదినలకీ, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పిల్లల్ని నేరుగా ఇక్కడ బీఎస్సీలో చేర్పించి రాత్రిళ్లు వీడియో కాల్‌లో మార్కులు అడిగే పెద్దలకీ నమస్కారం.

నాది తెనాలి పక్కన ఊరు. పదకొండేళ్లుగా ఇక్కడ ఒక యూనివర్సిటీలో ఎగ్జామ్స్ ఆఫీసులో పని చేస్తున్నా. పాఠాలు చెప్పను, పేపర్లు దిద్దను, దిద్దినవాళ్లు పంపిన మార్కులు సిస్టంలో ఎక్కాయా లేదా, లెక్క రూల్ ప్రకారం వచ్చిందా లేదా చూసి జూన్‌లో ఎగ్జామ్ బోర్డుకి, అంటే రిజల్ట్ ఖాయం చేసే కమిటీకి, పెద్ద షీటు తయారు చేయడం నా పని. ఆ షీటులో పేర్లుండవు, క్యాండిడేట్ నంబర్లే ఉంటాయి, అందుకని మన పిల్లలెవరో నాకూ తెలీదు, ముందే చెప్తున్నా ఎవరూ నన్ను ఆ విషయం అడక్కండి.

ఉగాది భోజనాల దగ్గర జరిగింది చెప్తా. పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డా, పక్కన ఒకాయన, మంచాయనే, ఇంకొకాయనతో అంటున్నారు, "ఇంటర్లో 978 అండీ దీనికి, ఇక్కడికొచ్చి 62కి పడిపోయింది, ఫ్రెండ్సూ ఫోనూ, ఇంకేముంది" అని. ఆ పిల్ల అక్కడే ఉంది, తల దించుకుని ఉగాది పచ్చడి గ్లాసులో స్పూను తిప్పుతోంది. నేను ఆగలేక మధ్యలో దూరి "ఏ ఇయర్ అండీ" అన్నా. సెకండ్ ఇయరట. "సెకండ్ ఇయర్‌కి వెయిటేజీ ఎంత వాళ్ల దగ్గర?" అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి "62 అంటే 62 కదమ్మా, అందులో వెయిటేజీ ఏంటి" అన్నారు. ఆ గోలలో చెప్పడం కుదర్లేదు, అందుకే ఇలా రాస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

ముందు ఆ అంకె సంగతి. ఇక్కడ 70, ఆ పైన వస్తే ఫస్ట్. 60 నుంచి 70 లోపు అప్పర్ సెకండ్, దాన్నే 2:1 అని రాసి టూ వన్ అంటారు. 50 నుంచి 60 లోపు లోయర్ సెకండ్, టూ టూ. 40 నుంచి 50 లోపు థర్డ్. 40 కింద తప్పినట్టు. తమాషా ఏంటంటే మన జేఎన్టీయూలో పర్సంటేజీల కాలంలో ఉన్న గీతలు కూడా దాదాపు ఇవే, 70 దాటితే డిస్టింక్షన్, 60కి ఫస్ట్ క్లాస్, 50కి సెకండ్, 40కి పాస్. అంకెలు ఒకటే కాబట్టి మనవాళ్లు అర్థం కూడా ఒకటే అనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా. ఇంటర్లో 1000కి 978 రావడం మన దగ్గర గొప్పే కానీ వింత కాదు, కాలేజీ బయట ఫ్లెక్సీలో అలాంటివి నలభై మొహాలుంటాయి. ఇక్కడ హిస్టరీ ఎస్సేకో లా పేపర్‌కో 78 వచ్చిందంటే దిద్దినాయన పక్క గది ఆయన్ని పిలిచి చూపించుకునేంత బాగా రాసినట్టు. లెక్కల పేపర్లో, ప్రోగ్రామింగ్ కోర్స్‌వర్క్‌లో 90లు వస్తాయి, కాదనను, అదే లెక్కల్లో 30లు కూడా వస్తాయి, రాసే సబ్జెక్టుల్లో మాత్రం మార్కులన్నీ 55కీ 72కీ మధ్యనే గుమిగూడి ఉంటాయి. కాబట్టి 62ని మన 62తో పోల్చడమంటే పౌండ్లలో జీతం విని రూపాయలనుకోవడమే.

ఇంకోటి, ఇది మరీ నవ్వొచ్చేది. "2:1 అంటే సెకండ్ క్లాసేగా, చుట్టాలకి ఏమని చెప్పాలి" అని ఒక వదిన నన్ను నిజంగానే అడిగింది, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి పాపం. వదినా, ఇక్కడ చాలా గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకి ఏళ్ల తరబడి అడిగిందే ఆ 2:1, అది గుమ్మం లాంటిది, అది దాటితే లోపలికి రానిస్తారు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఆ గుమ్మం కూడా తీసేశాయి, ఈవై 2015లో, పీడబ్ల్యూసీ 2022లో మాకు క్లాసు అక్కర్లేదు, మా పరీక్షలు మేం పెట్టుకుంటాం అన్నాయి. చుట్టాలకి "అప్పర్ సెకండ్" అని చెప్పకు, "ఆనర్స్ వచ్చింది" అని చెప్పు, అబద్ధం కాదు, పై నాలుగు క్లాసులూ ఆనర్సే. 2:2కి ఇక్కడి పిల్లలు డెస్మండ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు, ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ పేరు మీద, టూ టూ కదా అని. వాళ్లు నవ్వుకుంటారు, మనం ఏడుస్తాం.

సరే, అసలు సంగతికి వస్తా. ఎంసెట్ ర్యాంకు ఎలా కట్టేవాళ్లో గుర్తుందా? ఎంసెట్ మార్కులకి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ, రెండూ కలిపి ర్యాంకు. తెలంగాణలో తర్వాత ఆ ఇంటర్ వెయిటేజీ తీసేశారు. ఆ రోజుల్లో మనందరికీ ఈ లెక్క నోటికొచ్చు, ఇంటర్లో పది మార్కులు పోతే ఎంసెట్లో ఎన్ని తెస్తే సరిపోతుందో ఇంట్లో అమ్మమ్మ కూడా చెప్పేది. ఇక్కడ డిగ్రీ క్లాసు కట్టేది కూడా అచ్చం అదే పద్ధతి, ఏడాదికో బరువు. మూడేళ్ల డిగ్రీలో ఏడాదికి 120 చొప్పున 360 క్రెడిట్లు, క్రెడిట్లంటే ఒక్కో సబ్జెక్టుకి ఉండే బరువు. ఫస్ట్ ఇయర్ చాలా చోట్ల పాసైతే చాలు, క్లాసు లెక్కలోకి రాదు, కొన్నిచోట్ల మాత్రం ఓ పది శాతం కలుపుతారు. మిగతాది సెకండ్ ఇయర్‌కీ ఫైనల్ ఇయర్‌కీ పంచుతారు, ఎలా పంచాలన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ ఇష్టం. ఒకచోట 40, 60. ఇంకోచోట 30, 70. మరోచోట మూడో వంతు, మూడింట రెండు వంతులు. 25, 75 ఉన్నవీ ఉన్నాయి, సగం సగం ఉన్నవీ ఉన్నాయి. స్కాట్లాండ్‌లో నాలుగేళ్ల డిగ్రీ, అక్కడ ఎక్కువగా ఆఖరి రెండేళ్లే లెక్క. పైనుంచి ఒకళ్లు కూర్చుని దేశమంతా ఇదే ఫార్ములా అని చెప్పే పద్ధతి ఇక్కడ లేదు, డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరిది వాళ్లదే, రూలూ వాళ్లదే.

ఇప్పుడు ఆ ఉగాది పిల్లనే తీసుకుందాం. సెకండ్ ఇయర్ 62. ఫైనల్ ఇయర్‌లో కష్టపడి 74 తెచ్చుకుంది అనుకోండి. సగం సగం కట్టే చోట 68, అంటే 2:1. 40, 60 కట్టే చోట 69.2, ఇదీ 2:1నే, కానీ గీత పక్కకొచ్చి నిలబడింది. మూడో వంతు, రెండు వంతులు కట్టే చోట సరిగ్గా 70, ఫస్ట్. 30, 70 అయితే 70.4, 25, 75 అయితే 71, ఇవీ ఫస్టే. అదే పిల్ల, అవే పేపర్లు, అవే మార్కులు. ఒక ఊళ్లో ఫస్ట్, పక్క ఊళ్లో సెకండ్. ఇప్పుడు తిప్పి చూడండి, సెకండ్ ఇయర్‌లో 74 వచ్చి అందరూ చంకలు గుద్దుకుని, ఫైనల్ ఇయర్‌లో 62కి జారితే? సగం సగంలో అదే 68, మూడో వంతు చోట 66. ఎక్కడా ఫస్ట్ రాదు. అంటే మీరు సెకండ్ ఇయర్‌లో పెట్టే గొడవ, చేసుకునే సంబరం రెండూ కొంచెం తొందరపాటే.

ఆ అన్నగారికి ఉగాది రోజు నేను చెప్పాలనుకున్నది ఇంతే, మీ పిల్లకి 62తో ఇంకా ఫస్ట్ పోలేదు, ఫైనల్ ఇయర్‌లో ఎంత తేవాలో లెక్క కట్టి చూపించండి, తిట్టడం కంటే అది సులువు. మూడో వంతు రూల్ అయితే 74 కావాలి, సగం సగం అయితే 78 కావాలి. 78 అంటే కష్టం, ఊరికే ఆశ పెట్టను. కానీ ఏ రూలో తెలియకుండా కష్టమో సులువో ఎవరికి తెలుస్తుంది?

ఏడాదిలో కూడా అన్ని సబ్జెక్టులూ ఒకే బరువు కాదు. ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్టో డిసర్టేషనో ఉంటుంది, దానికి చాలా చోట్ల 40 క్రెడిట్లు, అంటే ఆ ఏడాదిలో మూడో వంతు. ప్రాజెక్టులో 72, మిగతా నాలుగు 20 క్రెడిట్ల మాడ్యూళ్లలో, అంటే సబ్జెక్టుల్లో, 58, 61, 55, 64 వచ్చాయనుకోండి, మనం ఐదూ కూడి ఐదుతో భాగిస్తే 62. క్రెడిట్ల ప్రకారం కడితే 63.67. ప్రాజెక్టు రెండుసార్లు లెక్కకొచ్చినట్టు. అందుకే పిల్లాడు నవంబర్లో "డాడీ, ప్రాజెక్టు గైడ్‌తో మీటింగుంది, కజిన్ పెళ్లికి రాలేను" అంటే బతిమాలకండి, ఆ ప్రాజెక్టు ఒక్కటే రెండు సబ్జెక్టుల పెట్టు.

పెళ్లంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎవరో ఒకళ్లు దీంట్లోనే పడతారు. మేలో పరీక్షలు, మన దగ్గర ఎండాకాలం ముహూర్తాలు, టికెట్ ముందే కొనేస్తారు, పిల్ల ఒక పరీక్ష ఎగ్గొడుతుంది, "ఆగస్టులో మళ్లీ రాస్తాలే" అనుకుంటుంది. మళ్లీ రాయొచ్చు. కానీ మామూలుగా తప్పి మళ్లీ రాసిన పేపర్‌కి ఎంత బాగా రాసినా 40కి మించి వేయరు, దాన్ని క్యాప్ అంటారు. సెకండ్ ఇయర్‌లో 65 వచ్చే 20 క్రెడిట్ల పేపర్‌కి 40 పడిందంటే ఆ ఏడాది సగటులో 4 మార్కుల పైన పోతుంది, 40, 60 రూల్‌లో మొత్తం డిగ్రీ మీద 1.67. గీత దగ్గరున్న పిల్లకి 1.67 అంటే ఏంటో పై లెక్కే చెప్తోంది. జ్వరమొచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా, దానికో ఫారం ఉంటుంది, మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు, కొన్నిచోట్ల ఎక్స్‌టెన్యుయేటింగ్ అంటారు, గడువు లోపల కాగితాలతో పెట్టి అది ఒప్పుకుంటే క్యాప్ లేకుండా మొదటిసారి రాసినట్టే రాయనిస్తారు. పెళ్లికి ఒప్పుకోరు, అన్న పెళ్లైనా సరే. మన పిల్లల్లో నేను చూసిన పెద్ద జబ్బేంటంటే నిజంగా కష్టమొచ్చినప్పుడు కూడా చెప్పరు, నాయనమ్మ పోయిందని కూడా చెప్పకుండా వెళ్లి పరీక్ష రాసేస్తారు, రిజల్ట్ వచ్చాక అమ్మానాన్న ఫోన్ చేస్తారు. అప్పటికి గడువైపోతుంది. ఇంకో సంగతి, పిల్లకి 18 దాటితే ఆవిడ ఒప్పుకోకుండా నేను మీతో ఫోన్లో ఒక్క మార్కు కూడా చెప్పకూడదు, ఎంత తెలుగువాళ్లయినా. నా మీద కోపం తెచ్చుకోకండి.

గీత దగ్గరి కథ ఇంకోటుంది. 69.5 వస్తే చాలా చోట్ల 70 కింద సర్దేస్తారు. 68 నుంచి 69.5 మధ్య ఉంటే కొన్ని యూనివర్సిటీలు ఇంకోసారి చూస్తాయి, ఫైనల్ ఇయర్ క్రెడిట్లలో సగమో అంతకంటే ఎక్కువో 70 పైన ఉన్నాయా, ఉంటే పైకి ఎక్కించు అని. అంటే 68.4 సగటున్న ఇద్దరిలో ఒకడికి ఫస్ట్ వస్తుంది, ఇంకొకడికి రాదు, మొదటివాడు కొన్ని పేపర్లు ఇరగదీసి కొన్ని తగలేశాడు, రెండోవాడు అన్నీ 68, 69 తెచ్చుకుంటూ బుద్ధిగా నడిచాడు. నన్నడిగితే బుద్ధిమంతుడికి జరిగేది అన్యాయమే, కానీ రూల్ అంటే రూల్. ఇంకా కొన్నిచోట్ల అన్నిటికంటే తక్కువొచ్చిన ఓ 20 క్రెడిట్లు పక్కన పెట్టేసి కడతారు. మనకిదేం కొత్త కాదు, జేఎన్టీయూలో కూడా కొన్ని రెగ్యులేషన్లలో తక్కువ మార్కులొచ్చిన కొన్ని క్రెడిట్లు వదిలేసి పర్సంటేజీ కట్టే వెసులుబాటు ఉండేది, మా తమ్ముడు దానివల్లే గట్టెక్కాడు, వాడి పేరు చెప్పను. మరికొన్ని చోట్ల రెండు రకాలుగా కట్టి ఏది ఎక్కువొస్తే అది ఇస్తారు.

ఇది వింటే "అంతా మోసమా అయితే" అంటారు మీరు. మోసం కాదు కానీ దీని మీద ఇక్కడా గొడవలున్నాయి. 2007లోనే సర్ రాబర్ట్ బర్గెస్ అనే అప్పటి లెస్టర్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ నడిపిన కమిటీ ఈ క్లాసుల పద్ధతి కాలం చెల్లింది, మూడేళ్ల చదువుని ఒక్క ముక్కలో చెప్పడమేంటి అంది, వివరంగా రిపోర్టు ఇవ్వమంది. రిపోర్టు కాగితం వచ్చింది, క్లాసు మాత్రం పోలేదు, ఎవడూ ఆ రిపోర్టు చదవడు, క్లాసే అడుగుతాడు. ఇంగ్లాండ్‌లో యూనివర్సిటీల్ని చూసుకునే ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ లెక్క ప్రకారం 2010-11లో ఫస్ట్ వచ్చినవాళ్లు 15.7 శాతం, 2020-21కి అది 37.9 శాతం అయింది. కోవిడ్ టైంలో పిల్లలు నష్టపోకూడదని పెట్టిన రూళ్లు అందులో కొంత, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది కూడా. కానీ తక్కువ మార్కులు పక్కన పెట్టి కట్టడం, రెండు మూడు ఫార్ములాల్లో మంచిది ఏరుకోవడం, వీటివల్ల క్లాసులు ఉబ్బుతున్నాయని ఆ ఆఫీసు 2025లో గట్టిగానే చెప్పింది. కాబట్టి మీ చిన్నోడు ఇప్పుడు చేరుతుంటే, మీ పెద్దదాని టైంలో ఉన్న రూలే ఉంటుందని అనుకోకండి. చేరిన ఏడాది రూలేదో చూసుకోవాలి.

ఇంత తేడా ఉంటే మరి ఇంత ఫీజు, 2025-26లో ఇంగ్లాండ్‌లో ఏడాదికి 9,535 పౌండ్లు ఉండేది, దేనికి కట్టాలి అని ఒకాయన అడిగారు, బయటి దేశం పిల్లలైతే దానికి రెండింతలు మూడింతలు. న్యాయమైన ప్రశ్నే. నాకు జీతమిచ్చేది ఆ ఫీజులే కాబట్టి నేను దానికి జవాబు చెప్పకపోవడం మంచిది.

ఒక్కటి మాత్రం చెప్తా, రిజల్ట్ వచ్చాక "మా వాడి పేపర్ మళ్లీ దిద్దించండి" అంటే కుదరదు. మన దగ్గర రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టినట్టు ఇక్కడ ఉండదు. దిద్దినాయన తీర్పుని ప్రశ్నించడానికి వీల్లేదు, లెక్క తప్పిందనో, రూల్ పాటించలేదనో, ఇచ్చిన ఫారం చూడలేదనో అయితే అప్పీల్ చేయొచ్చు. ఇంగ్లాండ్‌లో, వేల్స్‌లో యూనివర్సిటీ లోపల అన్ని మెట్లూ అయిపోయాక బయట విద్యార్థుల ఫిర్యాదులు చూసే ఓఐఏ అనే సంస్థ ఉంది, పిల్లలకి ఉచితమే, అది కూడా మార్కులు మార్చదు, పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అనే చూస్తుంది.

మరి ఇప్పుడేం చేయాలంటే, పెద్ద పనేం కాదు. ప్రతి యూనివర్సిటీకీ అసెస్‌మెంట్ రెగ్యులేషన్స్ అని ఒక డాక్యుమెంట్ ఉంటుంది, పిల్లల దగ్గర కోర్స్ హ్యాండ్‌బుక్ ఉంటుంది, అందులో క్లాసిఫికేషన్ అని ఒక పేజీ. దాన్ని పిల్లతో కలిసి కూర్చుని చదవండి, ఏ ఏడాదికి ఎంత, గీత దగ్గర ఏం చేస్తారు, క్యాప్ ఎంత. "ఎంతొచ్చింది" అని అడిగే బదులు "దానికి ఎన్ని క్రెడిట్లు" అని అడగండి, పిల్లలు మొదట బిత్తరపోతారు, తర్వాత వాళ్లే చెప్తారు. మా అమ్మాయి మొన్న ఫస్ట్ ఇయర్‌లో 51 తెచ్చుకుంది. ఇన్ని కబుర్లు చెప్పే నేను కూడా ఆ అంకె చూడగానే నోరు జారా, "51 ఏంటే" అని. అది తాపీగా "అమ్మా, ఫస్ట్ ఇయర్ కౌంట్ కాదు, నువ్వే కదా రోజూ చెప్తావ్" అంది. కౌంట్ కాకపోయినా సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేస్తే ఆ మార్కులు అడుగుతారే అని నేనూ వదల్లేదనుకోండి, అదీ నిజమే, మొత్తానికి వదిలేయమని మాత్రం చెప్పకండి.

ఆ ఉగాది అన్నగారు ఈ లేఖ చదువుతారో లేదో తెలీదు. చదివితే, అన్నయ్యా, మీ అమ్మాయిని వాళ్ల హ్యాండ్‌బుక్‌లో ఆ ఒక్క పేజీ ఫోటో తీసి నాకు పంపమనండి. సెకండ్ ఇయర్ మార్కులు వేస్తే ఫైనల్ ఇయర్‌లో ఫస్ట్‌కి ఎంత కావాలో, 2:1 చెక్కుచెదరకుండా ఉండాలంటే ఎంత కావాలో చూపించే ఎక్సెల్ షీటు నా దగ్గర ఉంది, రూల్ తెలిస్తే రెండు నిమిషాల పని. జూన్ రెండో వారం మాత్రం అడక్కండి, బోర్డులు, ఆ వారం ఇంట్లో వంట కూడా మా ఆయనే.

ఇట్లు,
ఎగ్జామ్స్ ఆఫీసు అక్క